ఆదివారం పది గంటల ఉయ్యాల

ఆదివారం పది గంటల కన్నంలో మళ్ళీ పద్నాలుగో నంబరు తాళమే ఉంది.

యిల్వ బట్టల బుట్ట నేల మీద పెట్టి, బోర్డుకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి చూసింది. సందేహం లేదు. వేలెడంత ఇత్తడి తాళం, దాని మొహం మీద పద్నాలుగు అంకె. పద్నాలుగో నంబరు ఇల్లేమో క్రిస్మస్ ముందు నుంచీ ఖాళీ. అందులో ఉన్న జంట విడిపోయి చెరో ఊరు పట్టుకుపోయారు, కొనుక్కున్నవాళ్ళు ఇంకా దిగలేదు. మనుషులు లేని ఇంటికి ఉయ్యాల దేనికి? కుర్చీలూ బల్లలూ వచ్చి ఊగుతాయా?

ఆ నేలమాళిగ గోడకి రెండు బోర్డులున్నాయి. ఒకటి బట్టలుతికే గదిది, భవనం కట్టిన నాటి నుంచీ ఉన్నది. రెండోది పెరట్లోని కొత్త ఉయ్యాలది, పోయిన వేసవిలో వచ్చింది. పద్ధతి రెండింటికీ ఒకటే. రోజుకో వరస, ఉయ్యాలకి గంటకో కన్నం, బట్టలకి పూటకో కన్నం, ఇంటికో తాళం. ఎవరి తాళం వాళ్ళు కావలసిన కన్నంలో దోపి తిప్పితే ఆ గంట వాళ్ళది. వంతు అయ్యేదాకా ఆ తాళాన్ని ఇంకొకళ్ళు పీకలేరు, ఆ గంటని ఇంకొకళ్ళు ముట్టుకోరు. స్వీడన్‌లోని వెస్తెరోస్ ఊళ్ళో ఆ కాలనీ మనుషులకి దేవుడి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది గానీ, ఈ బోర్డు మీద మాత్రం పోలేదు. పక్కవాడి భార్యని లేవదీసుకుపోయిన మనిషిని కూడా కొన్నాళ్ళకి మళ్ళీ పలకరిస్తారు. పక్కవాడి గంటలో బట్టలుతికిన మనిషిని పలకరించరు.

కాబట్టి ఆదివారం పది నుంచి పదకొండు దాకా ఉయ్యాల కంచె గేటు మూసే ఉంటుంది, లోపల ఎవరూ ఊగకపోయినా సరే. యిల్వ ఆ గేటు తెరవడానికి లేదు. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది యిల్వే.

అది మామూలు ఉయ్యాల కాదు. చక్రాల కుర్చీ కుర్చీతో పాటే ఎక్కేలా కింద ఇనప పలక, ఎక్కడానికి వాలుబల్ల, కుర్చీ జారిపోకుండా పట్టీలు, ఊపడానికి లాగే తాడు ఉన్నాయి. యిల్వ కూతురు తూవకి తొమ్మిదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళు మాట వినవు, చేతులు సగం వింటాయి, ఇక ఆ పిల్ల బుర్రా నోరూ మాత్రం ఎవరి మాటా వినవు. మోటారు కుర్చీ మీద లిఫ్టు దిగి పెరడంతా తనే తిరుగుతుంది. తుంటికి ఆపరేషన్ అయ్యి ఏడాది దాటింది, ఇక ఆడుకోనివ్వమని డాక్టరు చెప్పాడు. ఎలా ఆడుకోవాలో మాత్రం యిల్వే నిర్ణయించింది.

ఈ ఉయ్యాల కోసం ఆమె మూడేళ్ళు కొట్లాడింది. మున్సిపాలిటీ వాళ్ళతో, కాలనీ సంఘంతో, చివరికి ఊరి పేపరు వాళ్ళతో. ఆ కొట్లాటలో నేర్చుకున్నది ఒక్కటే. "చూద్దాం" అన్నవాడు చెయ్యడు, నవ్వుతూ "చూద్దాం" అన్నవాడు ఇంకొకళ్ళని కూడా చెయ్యనివ్వడు. అప్పటి నుంచీ ఎవరు నవ్వినా ఆమెకి అనుమానమే. బేకరీలో అమ్మాయి నవ్వితే చిల్లర రెండుసార్లు చూసుకునే స్థితికి వచ్చింది.

ఉయ్యాల పెరట్లోకి రాగానే పై వీధి కుర్రాళ్ళు గుంపుగా వచ్చి ఆ పలక ఎక్కి తొక్కడం మొదలెట్టారు. అంత బరువు పలక ఎవరి మోకాలికైనా తగిలితే చిప్ప ఎగిరిపోతుంది. యిల్వ సంఘం సమావేశంలో లేచి నుంచుంది. చుట్టూ కంచె వెయ్యాలి, గేటుకి తాళం ఉండాలి, బట్టల గదికి ఉన్నట్టే బోర్డు పెట్టాలి, వంతు ఉన్న ఇంటివాళ్ళు తప్ప ఇంకో పురుగు లోపలికి వెళ్ళకూడదు అంది. అందరూ సంతోషంగా చేతులెత్తారు. ఇంకో బోర్డు వస్తుందంటే వాళ్ళకి పండగే.

ఇప్పుడు తూవ వంతు బుధవారం సాయంత్రం. ఆ వేళకి పెరట్లో పిట్ట కూడా ఉండదు. యిల్వకి కావలసింది ఆదివారం పది గంటలు. అప్పుడే పెరట్లోకి ఎండ వస్తుంది, పిల్లలందరూ దిగుతారు. తన కూతురు అందరి పిల్లల్లాగే, అందరి పిల్లల ఎదురుగా, గాలిలోకి లేవాలి. ఇన్నాళ్ళ కొట్లాట ఆ ఒక్క గంట కోసం. సరిగ్గా ఆ గంటనే ఎవరో ఖాళీ ఇంటి తాళంతో బిగించి కూచున్నారు.

ఎవరు? ఎందుకు?

ఖాళీ ఇళ్ళ తాళాలు సంఘం గదిలో ఒక రేకు డబ్బాలో ఉంటాయి. ఆ గది తెరవగలిగేది ఇద్దరే. అధ్యక్షురాలు గున్‌బ్రిత్, కోశాధికారి యోర్గెన్. యిల్వ అనుమానం ముందు యోర్గెన్ మీదకే పోయింది. ఉయ్యాల కోసం రెండు కార్ల చోటు తీసేస్తుంటే సమావేశంలో అడ్డం తిరిగింది అతనే.

అతను చెత్త గదిలో దొరికాడు. గాజు సీసాలని రంగు చూసి వేరు చేసి వేస్తున్నాడు.

"యోర్గెన్, పద్నాలుగో నంబరు తాళం ఎక్కడుంది?"

"డబ్బాలో."

"చూశావా?"

"డబ్బా ముందు కూచుని కాపలా కాయడానికి నాకేం పనిలేదా? ఏం, పోయిందా?"

"పోలేదు. ఆదివారం పదింటికి ఉయ్యాల బోర్డు మీదుంది. నెల నుంచీ అక్కడే ఉంటోంది."

యోర్గెన్ చేతిలో సీసా ఆగింది. "అది ఖాళీ ఇల్లు కదా."

"అదే నేనూ అంటున్నా."

"మరి నన్నెందుకు అలా చూస్తున్నావు?"

"ఎలా చూస్తున్నా?"

"మా అత్తగారు చూసినట్టు." సీసా వేసేసి చేతులు దులుపుకున్నాడు. "ఇదిగో యిల్వ, నాకు ఆ ఉయ్యాల నచ్చలేదు, నిజమే. కారు చర్చి అవతల పెట్టుకుని వానలో నడిచొస్తున్నా, అదీ నిజమే. కానీ నీ మీద పగ తీర్చుకోడానికి ఆదివారం పొద్దున్న ఎందుకు లేస్తాను? అంత కష్టపడే పగ నాకొద్దు. మధ్యాహ్నం గంట ఏదైనా చూసుకుంటా."

నవ్వాడు. అక్కడే తప్పు చేశాడు.

"కావాలంటే మా ఈడున్‌ని అడుగు," అన్నాడు వెళ్ళిపోతూ. "ఆదివారమంతా పెరట్లోనే కదా దాని కాపురం. ఎప్పుడు చూసినా మీ తూవ, మీ తూవ అంటుంటుంది."

 ఈడున్‌కి పదేళ్ళు. పరుగులో పెరట్లో దాన్ని మించిన పిల్ల లేదు, నోటికి కూడా అడ్డూ ఆపూ లేదు. అలాంటి పిల్లకి మా తూవ గురించి అంతంత మాటలేముంటాయి? తండ్రికి ఉయ్యాల అంటే మంట. ఆ మంట కూతురికి అంటదా?

అనుమానం అలాంటిదే. ఒకడి ఇంటి గుమ్మం దగ్గర మొదలైతే వాళ్ళింట్లో అందరినీ పలకరించి గానీ బయటికి రాదు.

ఆ సాయంత్రం తూవకి తలంటుతుంటే వేళ్ళకి ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే చెక్కపొట్టు. ఉయ్యాలల కింద నేల మెత్తగా ఉండడానికి పరిచే పొట్టు. ఒకటి కాదు, జుట్టు నిండా ఉంది. మోచెయ్యి పక్కన గీరుకుపోయిన ఎర్రటి చార కూడా కనపడింది.

కుర్చీ దిగని పిల్ల తలలోకి నేల మీది పొట్టు ఎలా వస్తుంది?

"ఇదేంటి తూవ?"

"పొట్టు."

"పొట్టని నాకూ తెలుసు. తల్లోకి ఎలా వచ్చింది?"

"గాలికి."

"గాలికి నేల మీంచి లేచి వచ్చి నీ జుట్టులో దూరిందా?"

"పెద్ద గాలి."

"మోచెయ్యో?"

"అదీ గాలే."

యిల్వ పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "తూవ, నాతో అబద్ధం చెప్పకు. ఎవరైనా నీ మీద పోస్తున్నారా? ఆ ఈడున్ ఏమైనా చేస్తోందా? నేను బట్టల గదిలో ఉన్నప్పుడు పెరట్లో ఏం జరుగుతోంది?"

"ఏమీ జరగట్లేదమ్మా. కళ్ళలో సబ్బు పడుతోంది."

పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. సబ్బు నురగ ఇంకా నుదుటి దాకా కూడా రాలేదు.

ఆదివారం పొద్దున యిల్వది బట్టల వంతు, పెళ్ళికి ముందు నుంచీ అదే వంతు. ఉయ్యాల గంట దొరికితే దాన్ని వదులుకోడానికి సిద్ధమే. తొమ్మిదిన్నరకి దిగి, మొదటి విడత బట్టలు పదకొండుకి పైకి తెచ్చుకుంటుంది. ఆ సమయంలో తూవ పెరట్లో ఉంటుంది. యిల్వ వాళ్ళ కిటికీలన్నీ వీధి వైపు. అంటే ఆ గంటన్నర తన కూతురు ఏమైపోతోందో తనకి కనపడదు. ఇన్నాళ్ళూ ఆ సంగతే తట్టనందుకు తనని తాను తిట్టుకుంది. లెక్క తేలిగ్గా తేలిపోయింది. ఎవరో కావాలనే ఆ గంటకి ఉయ్యాల మూసేస్తున్నారు, పిల్ల దిక్కులేకుండా కంచె పక్కన ఉండిపోతే మిగతావాళ్ళు పొట్టు పోసి ఏడిపిస్తున్నారు, పిల్ల భయపడి నోరు మెదపట్లేదు.

తర్వాతి ఆదివారం పదకొండవుతున్నా పైకి పోలేదు. పక్కనే ఉన్న ఆరబెట్టే గదిలో తడి దుప్పట్ల మధ్య నిలబడింది. వంతు అయిపోగానే తాళం తీసి వచ్చే వారానికి దోపాలి కదా, ఎవడైనా రావాల్సిందే. దుప్పటి చల్లగా మెడకి తగులుతోంది. సిగ్గేసింది గానీ కదల్లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఎవరో కూనిరాగం తీసుకుంటూ వచ్చారు.

గున్‌బ్రిత్.

డెబ్భై దాటిన మనిషి. ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పించి రిటైరైంది. ఊళ్ళో సగం మంది ఆవిడ చంక కింద వేలాడుతూ ఏడ్చినవాళ్ళే. ఎప్పుడు చూసినా నవ్వు మొహమే, ఎవరు కనపడ్డా "అమ్మాయ్", "అబ్బాయ్" అనే పిలుపే. ఇప్పుడు బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఆయాసపడుతోంది, పంట్లాం మోకాళ్ళ దగ్గర దుమ్ము కొట్టుకుని ఉంది. తిన్నగా ఉయ్యాల బోర్డు దగ్గరికి వెళ్ళి పద్నాలుగో తాళం తిప్పి బయటికి లాగింది.

"గున్‌బ్రిత్."

ఆవిడ ఉలిక్కిపడింది గానీ తాళం వదల్లేదు. "గుండె ఆగిపోయేది అమ్మాయ్. దుప్పట్లలో ఏం చేస్తున్నావు?"

"నీ కోసమే చూస్తున్నా. ఆ తాళం ఎవరిది?"

"పద్నాలుగోది."

"పద్నాలుగులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవరి కోసం పెడుతున్నావు?"

గున్‌బ్రిత్ తాళాన్ని వచ్చే ఆదివారం పది గంటల కన్నంలో దోపి తిప్పింది. యిల్వ కళ్ళెదురుగానే. అంత ధైర్యం చూసి యిల్వకి ఒళ్ళు మండింది.

"చెప్పలేను," అంది గున్‌బ్రిత్.

"చెప్పలేవా, చెప్పవా?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది చెప్తే ఇంక మాటిచ్చిందెక్కడ?"

"అది నా కూతురి గంట."

"అవును," అంది ఆవిడ, చాలా మామూలుగా. "తూవ గంటే."

వెటకారం. యిల్వకి అలాగే వినపడింది. "సరే. వచ్చే ఆదివారం పెరడు శుభ్రం చేసే రోజు. అందరూ ఉంటారు. అందరి ముందే అడుగుతాను. అధ్యక్షురాలివై ఉండి ఖాళీ ఇంటి తాళం వాడుకున్నావని తెలిస్తే నిన్ను ఇంక ఆ పదవిలో ఉంచుతారేమో చూద్దాం."

"ఉంచరేమో." ఆవిడ మొహంలో నవ్వు మొదటిసారి పోయింది. "నీకు అడగాలనుంటే అడుగు అమ్మాయ్. కానీ ముందు ఇంట్లో ఒకసారి అడిగి చూడు."

యిల్వ ఇంట్లో అడిగింది. "గున్‌బ్రిత్ నిన్నేమైనా అంటుందా?" అని అడిగింది. తూవ మొహం పాలిపోయింది. "గున్‌బ్రిత్‌ని ఏమీ అనకమ్మా," అంది. ఇంకేమడిగినా నోరు విప్పలేదు. భయపెట్టి పెట్టారు పిల్లని, అనుకుంది యిల్వ. ఇక చూసేదేం లేదు.

ఆ వారమంతా ఆమె ఎవరి పలకరింపుకీ సరిగ్గా జవాబివ్వలేదు. లిఫ్టులో ఎవరైనా ఉంటే మెట్లెక్కింది. అందరికీ తెలుసు, తనకే తెలియదు, అందరూ కలిసే చేస్తున్నారు అనిపించింది. మనసులో ఒక్కొక్క ఇంటి తలుపూ తట్టి చూసుకుంది. ఒక్కటి కూడా నమ్మదగ్గదిగా కనపడలేదు.

మే నెల మొదటి ఆదివారం కాలనీ అంతా పెరట్లోకి దిగింది. ఆకులు లాగే దంతెలు, చెత్త బళ్ళు, కుంచెలు, రంగు డబ్బాలు. ఆ రోజు రానివాళ్ళని ఎవరూ ఏమీ అనరు, చచ్చేదాకా గుర్తు పెట్టుకుంటారంతే. యోర్గెన్ ఏప్రన్ కట్టుకుని నిప్పుల మీద సాసేజ్‌లు కాలుస్తున్నాడు. గున్‌బ్రిత్ ఎవరికేం పనో పురమాయిస్తోంది. పిల్లలు కాళ్ళకి అడ్డం పడుతున్నారు. తూవ కుర్చీ సైకిళ్ళ షెడ్డు దగ్గర ఎండలో ఆగి ఉంది.

పదైంది. ఉయ్యాల కంచె గేటు మూసే ఉంది. యిల్వ చేతిలో దంతె గోడకి ఆనించి, పెరటి మధ్యకి వచ్చి నిలబడింది.

"ఒక్క నిమిషం అందరూ వినండి. ఈ ఉయ్యాల ఆదివారం పదింటికి ఎప్పుడూ ఎందుకు మూసి ఉంటుందో తెలుసా? పద్నాలుగో ఇంటి తాళం పెట్టి ఉంటుంది కాబట్టి. పద్నాలుగులో ఎవరూ లేరు. ఆ తాళం ఎవరు పెడుతున్నారో నా కళ్ళతో చూశాను."

అక్కడ గొడవ మొదలైతే జనం మూగరు, జారుకుంటారు. కానీ సాసేజ్ అప్పుడే చేతికొచ్చినవాళ్ళు ఎక్కడికీ పోలేకపోయారు. మిగతావాళ్ళు దంతెల పళ్ళు ఎన్నున్నాయో చూసుకుంటున్నట్టు తలలు దించుకున్నారు.

"గున్‌బ్రిత్, చెప్పు," అంది యిల్వ.

"నిజమే," అంది గున్‌బ్రిత్. "నేనే పెట్టాను. ఖాళీ ఇంటి తాళం వాడకూడదు, వాడాను. పదవి ఇవాళే వదిలేస్తాను."

"నీ పదవి ఎవడిక్కావాలి? ఎందుకు పెట్టావో చెప్పు. నా కూతురు అందరి ముందూ ఊగితే నీ కళ్ళకి ఏం నొప్పి? నడవలేని పిల్ల నీ పెరటి అందం పాడు చేస్తోందా?"

గున్‌బ్రిత్ పెదవులు బిగబట్టి నేల వైపు చూస్తూ నిలబడింది. అంతవరకూ తల దించుకున్నవాళ్ళు ఇప్పుడు ఆవిడ వైపు చూడడం మొదలెట్టారు, ఆ చూపుల్లో మర్యాద తగ్గిపోవడం యిల్వకి తెలుస్తూనే ఉంది. ఆమెకి సంతోషం కూడా కలిగింది.

మోటారు చప్పుడు చేసుకుంటూ చక్రాల కుర్చీ వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి ఆగింది.

"నేనే పెట్టమన్నానమ్మా," అంది తూవ.

యిల్వ ముందు కూతురి మొహం చూడలేదు, గున్‌బ్రిత్ మొహం చూసింది. "ఈ మాట అనమని నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకు ఆ ఉయ్యాల నచ్చలేదు."

నిప్పుల మీద సాసేజ్‌లు చిటపటమంటున్నాయి. యోర్గెన్ వాటిని తిప్పడం మర్చిపోయాడు.

"నచ్చకపోవడమేంటి? ప్రతి బుధవారం ఊగుతున్నావుగా."

"బుధవారం పర్లేదు, ఎవరూ ఉండరు. ఆదివారం వద్దు." తూవ మాట నెమ్మదిగానే వస్తుంది, కానీ వచ్చిందంటే తడబాటుండదు. "నన్ను పట్టీలు వేసి కట్టేస్తావు. గేటు వేసేస్తావు. లోపల నేనొక్కదాన్నే ఉంటాను. అందరూ కంచె పట్టుకుని జూలో కోతిని చూసినట్టు చూస్తారు. మొదటి ఆదివారం అదే జరిగింది. నువ్వు తాడు లాగుతున్నావు కాబట్టి నీకు కనపడలేదు."

"మరి నీకేం కావాలి?"

తూవ గడ్డంతో చూపించింది. కంచెకి ఇవతల బుట్ట ఉయ్యాల ఉంది. తాళ్ళతో అల్లిన వెడల్పాటి గుండ్రటి బుట్ట. పిల్లలు నలుగురైదుగురు ఒకళ్ళ మీద ఒకళ్ళు మూటల్లా పడి ఊగుతారు. దానికి తాళం లేదు, బోర్డు లేదు, వంతు లేదు.

"అందులో పడుకుంటే చాలు," అంది తూవ. "కాళ్ళతో పని లేదు."

"మేమే ఎక్కిస్తాం," అంది ఈడున్, నోటి నిండా సాసేజ్‌తో. "దుప్పటిలో పెట్టి. గున్‌బ్రిత్ తల వైపు పట్టుకుంటుంది, నేను కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వా?" అన్నాడు యోర్గెన్. "నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు నిద్ర లేస్తే కదా నాన్నా."

యిల్వకి ఇప్పుడు అర్థమైంది, జుట్టులో పొట్టు ఎక్కడిదో. "పడ్డావా?"

"రెండుసార్లు," అంది తూవ. ఆ పిల్ల అంత గర్వంగా ఒక మాట చెప్పడం యిల్వ ఎప్పుడూ వినలేదు.

భయం వేసింది, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది. గున్‌బ్రిత్ వైపు తిరిగింది. "తుంటికి కోత పడిన పిల్లని నాకు చెప్పకుండా ఎత్తుతావా? ఏమైనా అయ్యుంటే?"

"చెప్పాల్సింది," అంది గున్‌బ్రిత్. "అది నా తప్పే, ఇందాక ఒప్పుకున్న తప్పు కన్నా పెద్దది. అడిగితే నువ్వు వద్దనేదానివి. అది తెలిసే అడగలేదు."

యిల్వకి తెలుసు. నిజమే, వద్దనేది. ఎవరు అడిగినా, ఎలా అడిగినా వద్దనేది.

కూతురి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూచుంది. "నాకెందుకు చెప్పలేదే? నన్ను చూస్తే భయమా?"

"భయం కాదు. నువ్వు దాని కోసం మూడేళ్ళు కొట్లాడావు. పేపర్లో కూడా పడ్డావు. ప్రతి బుధవారం కిందకి దించుతూ 'బాగుందా' అంటావు. అప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదమ్మా. బాగాలేదని ఎలా చెప్పను?"

యిల్వకి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడవడం ఇష్టం లేక పిల్ల చెప్పు తీసి మళ్ళీ తొడిగింది. నా కూతుర్ని మిగతా పిల్లల నుంచి ఎవరు దూరం పెడుతున్నారా అని ఇల్లిల్లూ అనుమానించింది. దుప్పట్లలో దాక్కుని కాపు కాసింది. కంచె కావాలన్నది ఎవరు, గేటు కావాలన్నది ఎవరు, ఇంకో పురుగు లోపలికి రాకూడదన్నది ఎవరు? సమావేశంలో తను లేచి చెప్పిన మాటలు, ఆ గొంతుతో సహా, చెవుల్లో తిరిగాయి. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"పదిన్నర అయిపోతోంది," అంది తూవ.

 యిల్వ లేచింది. పట్టీ విప్పి, ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఒక చెయ్యి వీపు కింద పెట్టి కూతుర్ని ఎత్తుకుంది. ఈ మధ్య బాగా బరువెక్కింది పిల్ల. బుట్ట దాకా నడిచి, వంగి, నెమ్మదిగా అందులో పడుకోబెట్టింది. వెంటనే ఈడున్ ఒక పక్క నుంచి దూకింది, ఇంకో ముగ్గురు ఇంకో పక్క నుంచి ఎక్కారు. ఒకడి మోచెయ్యి తూవ పొట్టలో గుచ్చుకుంది. వాణ్ణి తూవ నోటికొచ్చినట్టు తిట్టింది. అలాంటి తిట్టు తన కూతురికి వచ్చని కూడా యిల్వకి తెలియదు.

"కాలు, కాలు జాగ్రత్త. ఈడున్, అటు జరుగు. తూవ, తాడు పట్టుకో."

"అమ్మా, నువ్వు బుట్ట పట్టుకుంటే ఊగదు."

యిల్వ చేతులు తీసింది. "ఇక్కడే నుంచుంటాలే."

"వద్దు," అంది తూవ. కోపంగా కాదు, బతిమాలుతూ కాదు. "నువ్వెళ్ళు."

వెళ్ళింది. గోడకి ఆనించిన దంతె తీసుకుని సైకిళ్ళ షెడ్డు మూలకి పోయి, పెరటికి వీపు పెట్టి ఆకులు లాగడం మొదలెట్టింది. చూస్తే ఆగలేనని తెలుసు. కాసేపటికి గున్‌బ్రిత్ కూడా ఒక దంతె పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ మొహం పిల్లల వైపు ఉంది.

"కనపడుతున్నారా?" అంది యిల్వ.

"కనపడుతున్నారు."

"తోస్తున్నదెవరు?"

"ఈడున్ దిగింది. అదే తోస్తోంది."

"గట్టిగానా?"

"గట్టిగానే."

వెనక నుంచి అరుపులు వస్తున్నాయి. అందులో తూవ గొంతు ఏదో విడిగా పట్టుకోవడానికి యిల్వ ప్రయత్నించింది, కుదరలేదు. అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక పెద్ద కేక, ధబ్బున చప్పుడు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

 పోయిన వారమైతే గున్‌బ్రిత్ వాన పడుతోందని చెప్పినా యిల్వ బయటికి చెయ్యి పెట్టి చూసుకునేది.

"తూవేనా?" అంది.

"తూవే," అంది గున్‌బ్రిత్. "పడింది. మెత్తటి చోటే పడింది, ఒళ్ళు కదులుతోంది. నువ్వు కదలకు."

"లేపుతున్నారా?"

"లేపబోతే ఆగమంటోంది."

"ఎందుకు? నొప్పా?"

"కాదు అమ్మాయ్. ముందు నవ్వడం అవ్వాలట."

యిల్వ వెనక్కి తిరగలేదు. ఒక్క ఆకు కూడా మిగలని ఆ నేలనే మళ్ళీ మళ్ళీ దువ్వుతూ నిలబడింది.